కొండ మీది ఊబి

అభా,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కకి తమ్ముడు వాసు నమస్కారాలు.

నేను క్షేమంగా ఉన్నాను. ఈ మాట అన్నిటికన్నా ముందు రాస్తున్నాను. కింద రాసింది చదువుతుంటే ఎక్కడైనా నీకు దడ పుడితే మళ్లీ పైకొచ్చి ఈ ముక్క చూసుకో. కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయి. తింటున్నాను, పడుకుంటున్నాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బడికి ఇంకా నడిచే వెళ్తున్నావా, ఆటో మాట్లాడుకున్నావా? బావగారు చెరువుల గట్ల మీద వానలో తిరగడం తగ్గించారా? లల్లి చదువు బాగా సాగుతోందని తలుస్తాను.

ఫోనులో చెప్పొచ్చుగా, ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో నేను నోరు విప్పగానే నువ్వు "ముందు తిన్నావా?" అంటావు. తిన్నాననేసరికి నా ధైర్యం కాస్తా జారిపోయి వేరే కబుర్లలో పడిపోతాను. కొన్ని వారాలుగా ఇదే వరస. నీ మరదలు సరళకి కూడా వానలకి రోడ్డు మూసుకుపోయిందనీ, సిగ్నల్ లేదనీ చెప్పి ఊరుకున్నాను. అది అబద్ధం కాదు గానీ నిజంలో మూలన ఉన్న ముక్క మాత్రమే. మిగతాది నువ్వే ఏలూరు వెళ్లి, దాని పక్కన కూర్చుని చెప్పాలి. నా మాటగా అడుగుతున్నాను. ఈ ఉత్తరం మా డ్రైవరు యాదగిరి తీసుకొస్తున్నాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. హైదరాబాద్‌లో దిగగానే పోస్టు చేస్తానన్నాడు.

రాస్ తనూరాలో ఉన్నన్నాళ్లూ వేడి గురించే రాసేవాణ్ణి కదా. అక్కడ నేల బల్లపరుపుగా ఉండేది, సముద్రం, గొట్టాలు, ఎండ. ఈ కొండల్లోకి మార్చినప్పుడు సంతోషించాను. ఇక్కడ స్వెట్టర్ లేకుండా పొద్దున్నే బయటికి రాలేం. మబ్బు తలుపు తీయగానే గదిలోకి వచ్చేస్తుంది, పక్క మంచం మీది మనిషి కనబడడు. సౌదీ అంటే ఇసుకే అనుకునే నీకు ఇక్కడి మెట్ల పొలాలు చూపించాలి. పూర్వం వీళ్లు కొండని మెట్లుమెట్లుగా కోసి, రాళ్లతో గట్లు కట్టి జొన్నా గోధుమా పండించుకున్నారు. ఇప్పుడు పిల్లలంతా పట్నాల్లో ఉద్యోగాల్లో ఉన్నారు. చాలా పొలాలు అలాగే వదిలేశారు. గట్లు ఊడిపోతున్నాయి.

మా పని కొండ పైనున్న అభా నుంచి కింద మైదానానికి దిగే రోడ్డు వెడల్పు చేయడం. నేల ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగదు అని చూసి చెప్పడం నా ఉద్యోగం. క్యాంపు కొండ మధ్యలో ఒక రాతి అరుగు మీద. పైకి వెళ్లే రోడ్డు అభాకి, కిందికి వెళ్లేది మైదానానికి. ఆ అరుగు మీద వరసగా రేకు గదులు, జనరేటరు, ఒక వంటగది. వంట మునీర్ భాయ్ చేసేవాడు. పాకిస్తాన్ పంజాబు మనిషి, అరవైకి దగ్గర. నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఒక రోజు రుచి చూసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకో కుబ్బూస్ రొట్టె అడిగాడు. అప్పటినుంచీ సీసా అతని అరలోనే ఉండేది. నేను అడిగి పెట్టించుకోవలసి వచ్చేది.

ఇంకొకాయన కానర్. ఐర్లండు నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు. ఒక మోకాలు పాడైంది, కర్ర పట్టుకుని నడుస్తాడు. తక్కువ మాట్లాడతాడు. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది ఒక వాసన అంటే నవ్వుతావు.

క్యాంపు దాటి అభా వైపు కొంచెం వెళ్తే రోడ్డుకి పైన కొండ ఒళ్లో ఒక గుంట ఉండేది. పైనెక్కడో ఊట. దాని నీళ్లు ఆపడానికి ఎవరో పూర్వీకులు రాళ్ల కట్ట వేశారు. ఆ కట్ట వెనక తరతరాలుగా తుంగా, ఆకూ, అరార్ చెట్ల వేర్లూ నీళ్లలో నాని, కుళ్లీ కుళ్లకుండా పేరుకున్నాయి. అరార్ అంటే ఈ కొండల్లో పెరిగే సూదాకుల చెట్టు. మేము అక్కడ గొట్టం దింపి మట్టి పైకి తీస్తే నల్లగా, మెత్తగా, పిండితే నీళ్లు కారుతూ వచ్చింది. కానర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత మా ఊరి వాసన అన్నాడు. నేనూ వాసన చూశాను. మా ఊరి వాసన కూడా అదే అన్నాను. కొల్లేరు లంకల్లో నీళ్లు తీసినప్పుడు కాళ్ల కింద నల్లటి ఊబి ఉంటుంది చూడు, అదే. దాన్ని వాళ్లు పీట్ అంటారు. వాళ్ల దేశంలో మైళ్ల తరబడి ఉంటుందిట. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మనం పిడకలు పెట్టుకున్నట్టు పొయ్యిలో పెట్టుకుంటారు. ఈ ఎండల దేశంలో అలాంటిది దోసెడు దొరకడమే వింత. అందుకే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మేమిద్దరం ఆ గుంటని నక్షాలో ఎర్రగా గీసి ఇచ్చాం. ముందు అందులో నీళ్లు మెల్లగా బయటికి తీయాలి, అంతదాకా దాని పాదం కోయకూడదు, నెత్తి మీద బరువు పెట్టకూడదు అని. పైవాళ్లు వానలు వెళ్లాక చూద్దామన్నారు. ఈలోగా పని వెనకబడుతోందని రోడ్డు వెడల్పు కోసం గుంట పాదం తవ్వేశారు. తవ్విన రాయి ఎక్కడ పోయాలో తెలియక తీసుకెళ్లి గుంట పై అంచున గుట్ట పోశారు.

ఈ ఏడాది చలికాలమంతా చుక్క పడలేదు. నల్లమట్టి పైన ఎండి నెర్రెలు విచ్చింది. తర్వాత వానలు మొదలై విడవకుండా కురిశాయి. ఒక సాయంత్రం టీ తాగుతుంటే కప్పులో టీ వణికింది. లారీ వస్తోందనుకున్నాం. ఏ లారీ రాలేదు. బయటికి వెళ్లి చూస్తే అభా వైపు రోడ్డు లేదు. దాని మీద నల్లటి ముద్ద పరుచుకుని, పొగమంచులో ఆవిర్లు కక్కుతోంది. అందులో చెట్లు, రాళ్లు, మా ఎక్స్‌కవేటరు చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది. అదృష్టం కొద్దీ అందులో మనిషి లేడు. చీకటి పడకముందే కిందివైపు కబురు కూడా తెలిసింది. వాగు పొంగి రోడ్డు కింది తూము కొట్టుకుపోయింది. ఫోను టవరు పైన గుట్టతోపాటే కూలింది. పైకి లేదు, కిందికి లేదు. మధ్యలో అరుగు మీద మేము ఆరుగురం, నేనూ, కానర్, యాదగిరి, మునీర్ భాయ్, సలీం, జమాల్ అని ఇద్దరు బంగ్లాదేశ్ అన్నదమ్ములు.

మొదటి రోజు ఎవరమూ అంతగా భయపడలేదు. బియ్యం ఉంది, పప్పు ఉంది, హెలికాప్టరు వస్తుందనుకున్నాం. మబ్బు వదల్లేదు. హెలికాప్టరు చప్పుడు ఒకసారి వినిపించి తిరిగి వెళ్లిపోయింది. రెండో రోజుకి మాటలు తగ్గాయి. అక్కా, ఉన్నచోటు కొలత తెలిసిపోతే మనిషికి ఏమవుతుందో నాకు అప్పుడే అర్థమైంది. తలుపు తీస్తే తెల్లటి గోడ, నాలుగడుగులు వేస్తే అంచు. యాదగిరి ఊరికే పికప్ స్టార్ట్ చేసి, కొంచెంసేపు కూర్చుని, ఆపేసేవాడు. అతనికి ఛుట్టీ మంజూరై ఉంది. టికెట్టు ఆ వారానికే. మూడేళ్ల తర్వాత వెళ్తున్నాడు.

ఆ రెండు రోజులూ కానర్ నాకు వాళ్ల దేశంలో ఊబి నేలలు ఎలా కదులుతాయో చెబుతూ కూర్చున్నాడు. పొద్దుపోవడానికి కాదు. మన పైనున్నది ఏ జాతో తేల్చుకోవాలి కదా. నువ్వు పిల్లలకి సైన్సు చెప్పేదానివి కాబట్టి నీకూ చెబుతాను. ఒక జాతిలో పైపొర మొత్తం గచ్చు మీద చాప జారినట్టు జారుతుంది. అడుగున జిగటమట్టి, దాని మీద నీళ్లు చేరి పొరని పైకెత్తుతాయి. ఇంకో జాతిలో పైన తోలులా గట్టిగా కనిపిస్తుంది, లోపల జావ. నీళ్లు తాగి తాగి ఉబ్బి, ఎక్కడో బలహీనమైన చోట కడుపు పగిలినట్టు పగిలి జావంతా బయటికి దూకుతుంది. మూడోది, మనుషులు నిలువుగా కోసి వదిలేసిన అంచు ఆసరా లేక ఒరిగిపడటం. చాలాసార్లు ఒక జాతిగా మొదలై ఇంకో జాతిగా ముగుస్తుందిట. జారిన చాప ముక్కలై, ముక్కలు జావై పారుతుంది. వాళ్ల చిన్నాన్న అలా జారిన మర్నాడు ఆవులని వెతకడానికి ముద్ద మీద నడిచి వెళ్లాడట. పైన గట్టిపడినట్టే కనిపించింది. పైనుంచి మిగిలిన సగం వచ్చింది. ఆ సంగతి కానర్ గోడకేసి చూస్తూ చెప్పాడు.

ఇక్కడ ఒక మాట బావగారికి చెప్పు, మరిచిపోకు. తూర్పు చెరువు గట్టు ఎత్తు పెంచుతామన్నారు కదా. గట్టు కాళ్ల దగ్గరి మట్టే తవ్వి గట్టు నెత్తిన పోయవద్దను. మన నేల చదునుగా ఉంది కాబట్టి ఎక్కడికీ పారిపోదు గానీ, బరువుకి గట్టు కుంగి పక్కన నేల ఉబ్బి లేస్తుంది. మన చిన్నప్పుడు పక్కవాళ్ల చెరువు అలాగే ఒక్క పూటలో ఖాళీ అయింది, నీకు గుర్తుండే ఉంటుంది. మట్టి దూరం నుంచి తెప్పించుకోమను.

మూడో రోజు పొద్దున్న మునీర్ భాయ్ వంటగదిలోకి రాలేదు. వెళ్లి చూస్తే మంచం మీద ఆయాసపడుతున్నాడు. ముందురోజు నుంచీ వాంతులట, ఎవరికీ చెప్పలేదు. నోటి దగ్గర పండిన పండు వాసన. దిండు కింద ఖాళీ ఇన్సులిన్ పెన్ను దొరికింది. అతనికి చక్కెర జబ్బు ఉన్నట్టు క్యాంపులో ఎవరికీ తెలియదు. పట్నం వెళ్లినప్పుడు రహస్యంగా కొనుక్కొచ్చుకునేవాడట. ఈసారి పట్నం వెళ్లే రోడ్డే లేకపోయింది. ఎందుకు దాచావని అడిగాను. మెడికల్‌లో తెలిస్తే ఇకామా తిప్పరు, పని చేసుకోనిచ్చే కాగితం లేకుండా ఎక్కడ ఉంటాను, ఇంటికి పంపేస్తారు అన్నాడు. ఇంటికేగా భాయ్ అన్నాను. అతను కళ్లు మూసుకుని చెప్పిన మాట నా చెవిలో ఇంకా ఉంది.

"అక్కడ నాకు మంచం కూడా లేదు సాబ్. నేను వెళ్తే ఎవరో ఒకరు లేచి తమ మంచం ఇస్తారు. నెల పోయాక వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో చూస్తాను. తిరిగి వచ్చేస్తాను."

ఇంకా ఆగితే అతను బతకడని కానర్‌కీ నాకూ అర్థమైంది. మబ్బు కాస్త పలచబడినప్పుడు ముద్దకి అవతల అభా రోడ్డు నల్లగా, శుభ్రంగా కనిపించేది. యాదగిరి అదే చూపించాడు. నేను అంతకుముందే ఒంటరిగా పక్క రాళ్ల మీదుగా పైకెక్కి చూసి వచ్చాను. గుంటలో సగమే జారింది. మిగతా సగం చెట్లతో సహా పైన వేలాడుతోంది. దాని వెనక నేల చెయ్యి పట్టేంత వెడల్పు నెర్రె తీసింది. నెర్రెలోకి వాన నీళ్లు తిన్నగా దిగిపోతున్నాయి. కింద పాదం దగ్గర ముందురోజు లేని కొత్త ఊటలు పుట్టాయి. ఆ సగం వస్తే ఆ ముద్ద మీదికే వస్తుంది. అందుకని అడ్డంగా దాటొద్దు, రాతి గుట్ట పట్టుకుని నిలువుగా ఎక్కి, గుంట తలకి పైనున్న బండ మీదుగా తిరిగి అవతల రోడ్డులో దిగుదామన్నాను.

యాదగిరి ఒప్పుకోలేదు.

"సార్, రోడ్డు గాడనే కనవడుతున్నది. దాటితె అర్ధగంట. మీరు కొండెక్కుదమంటున్రు. గప్పటిదాంక గీ మనిషి బతుకుతడా?"

"మనం దాటుతుండగా పైది వస్తే అందరం పోతాం యాదగిరీ."

"అస్తదని మీకు గట్టిగ తెల్సా?"

ఏం చెప్పను అక్కా. కాగితం మీద లెక్క వేస్తే ఈ పూట రావచ్చు, వచ్చే ఏడాది రావచ్చు.

"తెలియదు," అన్నాను.

అతను చేతిలోని పికప్ తాళం జేబులో వేసుకున్నాడు.

"తెల్సు అంటె నమ్మకపోదును. నడువుండ్రి సార్, కొండే ఎక్కుదం."

రెండు గొట్టాలకి దుప్పటి కట్టి డోలీ చేశాం. మోకాలి వల్ల కానర్ రాలేనన్నాడు. క్యాంపు గదుల్లో ఉండనని, వెనకాల ఎత్తుగా ఉన్న బండ మీదికి టార్పాలిన్ తీసుకెళ్లి కూర్చుంటానని మాట ఇచ్చాడు. కరచాలనం చేసి, తన కర్ర నాకివ్వబోయాడు. నేను తీసుకోలేదు.

ఎక్కడం ఎలా ఎక్కామో సరిగ్గా చెప్పలేను. రాళ్లు తడిగా ఉన్నాయి. డోలీ ముందు యాదగిరి, నేను. వెనక సలీం, జమాల్. కొన్ని చోట్ల డోలీ పట్టదు, యాదగిరి అతన్ని వీపున కట్టుకుని ఎక్కాడు. మునీర్ భాయ్‌కి కాసేపు తెలివి ఉండేది, కాసేపు ఉండేది కాదు. తెలివి వచ్చినప్పుడల్లా నన్ను ఇక్కడే దింపేయండి అనేవాడు. మేము ఇంకో రాయి పట్టుకుని ఎక్కేవాళ్లం.

గుంట తల దగ్గరికి చేరేసరికి నేను చూసి వచ్చిన నెర్రె అక్కడ ఆగలేదు. బండ మొదలు దాకా పాకి వచ్చింది. నేను నడవాలనుకున్న దారి నెర్రెకి లోపలి వైపు పడింది. మళ్లీ వెనక్కి దిగి, పూర్తిగా బండ మీదికే ఎక్కవలసి వచ్చింది. అప్పుడు సలీం జారాడు. డోలీ ఒరిగింది. జమాల్ తమ్ముడిని చొక్కా పట్టుకుని ఆపాడు. అందరం బండని కరుచుకుని అలాగే ఉండిపోయాం. నాకు సరళ గుర్తు రాలేదు, మా పాప చిన్ని గుర్తు రాలేదు. చేతిలో గొట్టం వదలకూడదు, అంతే. తర్వాత ఆ సంగతి తలుచుకుని సిగ్గుపడ్డాను.

మేము బండ మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటుండగా ఆ మిగతా సగం వెళ్లిపోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. ముందు ఆ వాసన లేచింది. తర్వాత ఎవరో దళసరి బట్ట చింపుతున్నట్టు వేర్లు తెగుతున్న శబ్దం. అరార్ చెట్లు పడిపోలేదక్కా. నిలబడ్డవి నిలబడ్డట్టే, ఒకదాని పక్కన ఒకటి, కిందికి నడిచి వెళ్లిపోయాయి. మబ్బులోకి వెళ్లాక చప్పుడు మొదలైంది. కొండ లోపల ఎవరో బండరాళ్లు దొర్లిస్తున్నట్టు చాలాసేపు వినిపించింది. మేము దాటుదామనుకున్న చోటు మీదుగా వెళ్లింది. క్యాంపు వైపు ఎంత వెళ్లిందో కనబడలేదు. కానర్‌ని పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. యాదగిరి నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కని కోసం వచ్చినం, ముందు గాయినను దింపుదం సార్" అన్నాడు.

అవతలి రోడ్డులో దిగేసరికి పై ఊరి పెద్దాయన ఒకాయన పికప్ ఆపి, ముద్దకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. తెల్ల గడ్డం, నడుముకి ఇక్కడి పెద్దలు పెట్టుకునే కత్తి. మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. తన ఒంటి మీది ఉన్ని బిష్త్, పొడవాటి పై అంగీ, తీసి మునీర్ భాయ్ మీద కప్పి, వెనక తలుపు తీసి, యల్లా, పదండి అన్నాడు. అభా ఆసుపత్రి దాకా తనే నడిపాడు. దారిలో ఒక మలుపు దగ్గర చెయ్యి బయట పెట్టి కిందికి చూపించి, తన పెద్దకొడుకు ఇల్లు అదేనన్నాడు. ఆ ఇంటికి పైన కొండ ఒళ్లో ఇలాంటిదే ఇంకో గుంట ఉంది. నేను కొలిచిందే. అక్కడ మా రోడ్డు పని ఇంకా మొదలు కాలేదు.

కానర్ బతికాడు. ముద్ద క్యాంపు గదుల్లో సగం నింపింది. ఆయన మాట ఇచ్చినట్టే బండ మీద కూర్చున్నాడు. మర్నాడు మబ్బు తెరిపిచ్చాక హెలికాప్టరు తీసుకొచ్చింది. వాళ్ల కంపెనీ ఆ వారమే ఆయన్ని వాళ్ల దేశానికి పిలిపించేసింది. వెళ్లేముందు వచ్చి, తాను చూసింది అక్కడి నుంచే రాసి పంపుతానని చెప్పాడు. యాదగిరి విమానం తప్పిపోయింది గానీ ఛుట్టీ పోలేదు. కొత్త తేదీ వచ్చింది. మునీర్ భాయ్ కోలుకున్నాడు. జబ్బు సంగతి కాగితాలకెక్కింది. అతనికి ఫైనల్ ఎగ్జిట్ వేశారు. అంటే ఇక తిరిగి రావడం లేదన్నమాట.

మిగిలింది నేను. నన్ను అభాలో కంపెనీ గదిలో ఉంచారు. కిటికీ తెరిస్తే ఇక్కడా ఆ తెల్లటి గోడే. మా మేనేజరు చెడ్డవాడు కాదు. గదికి వచ్చి, తనకీ పిల్లలున్నారని, ముందు అదే చెప్పాడు. కమిటీ వేశారట. నేల సంగతి నాది కాబట్టి నా నివేదిక కావాలి. అది వాళ్లే రాసి తెచ్చారు. కారణం అన్నచోట అసాధారణ వర్షం అని ఒక్క ముక్క ఉంది. నేను సంతకం పెడితే కమిటీ విచారణ మూసేస్తుంది, ఊరెళ్లి రావడానికి ఇచ్చే నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ కదులుతుంది, దసరాకి ఇంట్లో ఉంటాను. వేరేగా రాస్తే విచారణ నడుస్తుంది. అది తేలేదాకా నేను దేశం దాటడానికి లేదు. ఎన్నాళ్లో ఆయన కూడా చెప్పలేడు. మీరు ఎందుకు ఆపలేదని నన్నూ నిలదీస్తారు. అదీ చెప్పాడు. నేను కొంచెం టైము అడిగాను.

వాన నిజమే అక్కా. వాన లేకపోతే అది కదిలేది కాదు. కానీ చలికాలపు ఎండ ముందు నెర్రెలు తీసింది. వదిలేసిన పొలాల్లో పాత కాలువలు పూడి నీళ్లన్నీ ఆ గుంటకే దారి పట్టాయి. పాదం మేము కోశాం. నెత్తిన గుట్ట మేము పోశాం. ఇన్ని జరిగాక వాన వచ్చి చిటికెన వేలితో నెట్టింది. ఒక్క వాన అనే రాస్తే, రేపు రెండో గుంట దగ్గర కూడా పాదం కోస్తారు, నెత్తిన పోస్తారు. కింద ఆ పెద్దాయన కొడుకు ఇల్లు, దాని పక్కన ఇంకో నాలుగిళ్లు. ఆరుబయట పిల్లల సైకిళ్లు చూశాను.

అయినా సరే, కలం పట్టుకుని చాలాసార్లు సంతకం దాకా వెళ్లాను. నీకు అబద్ధం చెప్పను. చిన్ని ఫోనులో పళ్లూడిన నోరు చూపించి, నువ్వొచ్చేలోపు కొత్తవి వచ్చేస్తాయి నాన్నా అంది. ఆ పూట పొద్దుగూకేదాకా ఆ కాగితం ఎదురుగా పెట్టుకునే కూర్చున్నాను.

నిన్న మునీర్ భాయ్ వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో నాతో సరిగ్గా మాట్లాడేవాడు కాదు. తనని ఆ కొండ మీదే వదిలేసి ఉంటే బాగుండేదని సలీంతో అన్నాడట. నిన్న ఎయిర్‌పోర్టు వ్యాను దగ్గరికి వెళ్లాను. చిన్న పెట్టె ఒకటే ఉంది. సంచిలో ఇన్సులిన్, వాడే పద్ధతి ఉర్దూలో రాయించి పెట్టాను. తీసుకున్నాడు. వ్యానెక్కి కూర్చుని, మళ్లీ దిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు నన్ను బయటికి తెచ్చారు సాబ్. మిమ్మల్ని ఎవరు తెస్తారు?"

నేను నవ్వి, అల్లా ఉన్నాడుగా భాయ్ అన్నాను. అతను నవ్వలేదు. ఇంటికి వెళ్లగానే ముందు ఒక మంచం కొనుక్కోమన్నాను. సరే అని తల ఊపాడు. వ్యాను మబ్బులోకి వెళ్లిపోయింది.

గదికి వచ్చి వాళ్ల కాగితం పక్కన పెట్టి, నాది నేను రాసుకున్నాను. జరిగిన జాతి ఏది, ఎలా మొదలై ఎలా ముగిసింది, కారణాలు ఏమిటి, ఏది ప్రకృతి చేసింది, ఏది మేము చేశాం, రెండో గుంట ఎక్కడుంది, దాని కింద ఏ ఇళ్లున్నాయి, అన్నీ రాశాను. కింద సంతకం పెట్టాను. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే, ఆఫీసు తెరవగానే ఇచ్చేస్తాను. నీకు ఈ ఉత్తరం అందేసరికి ఇచ్చేసి ఉంటాను. కాబట్టి వద్దని చెప్పే వీలు నీకు లేదు, నీ మాట విని ఆగిపోయే వీలు నాకూ లేదు. అలా చూసుకునే ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నాను.

దసరాకి నా కోసం చూడొద్దని సరళతో చెప్పు. కొత్త సంవత్సరానికి అని కూడా చెప్పకు, ఏ తేదీ చెప్పకు. అది ఏడిస్తే ఏడవనీ, ఆపకు. తర్వాత నాకు ఫోను చేయమను, ఎప్పుడైనా సరే. దానికి అన్నీ నా నోటితో చెబుతాను. చిన్నిని ఒక వారం నీ దగ్గరికి తెచ్చుకో. బావగారిని చెరువు మీద పడవ ఎక్కించమను.

నేను బాగానే ఉన్నాను. గది వెచ్చగా ఉంది. వంట నేనే చేసుకుంటున్నాను, పప్పు అడుగంటడం తగ్గింది. యాదగిరి బయట హారన్ కొడుతున్నాడు.

బావగారికి నమస్కారాలు. లల్లికి, చిన్నికి ముద్దులు. అక్కా, ప్రతి ఉత్తరంలోనూ నీ ఆశీస్సులు కావాలని అలవాటుగా రాసేవాణ్ణి. ఈసారి అలవాటుగా రాయడం లేదు. ఇది చదవడం అయ్యాక ఒక్కసారి నీ చెయ్యి నా తల మీద ఉన్నట్టు అనుకో.

నీ తమ్ముడు,
వాసు